చార్టర్ స్కూళ్ళు - నిలవని ఉపాధ్యాయులు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నా కంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, కొంతకాలంగా చదివి నోటుబుక్కులో వ్రాసి పెట్టుకున్న వేరే సంగతి ఎత్తుకున్నాను. ఇది అమెరికా దేశపు బడుల చరిత్ర. అయినా చదువుతూ పోతే, ఇదంతా మనకు తెలిసిన సర్వీసు రూల్సు గొడవే కదా అని సభ్యులకు తోచకపోదు. పైగా పిల్లలూ మనవలూ ఆ దేశంలో ఉన్నవారు మనలో తక్కువేమీ లేరు.

2018 ఆగస్టులో నేనూ మా ఇంటావిడా అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి ఆరు నెలలున్నాము. మనవరాలు అప్పుడు మూడో తరగతి. దానికి ఒక చార్టర్ స్కూల్లో సీటు వచ్చింది. వచ్చిన దరఖాస్తులు ఉన్న సీట్ల కంటె ఎక్కువైతే అక్కడ లాటరీ తీస్తారు. లాటరీలో పేరు వచ్చిన రోజున మా అమ్మాయి, తనకు ఇంజనీరింగు సీటు వచ్చిన నాటి సంబరంతో మాకు ఫోను చేసింది. బడి చూడముచ్చటగానే ఉన్నది. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు, అందరికీ యూనిఫారం, వరండాలో గోల లేదు. ముప్పై ఆరేళ్ళు బళ్ళో గడిపినవాణ్ణి కనుక నాకు నచ్చింది.

అక్టోబరులో క్లాసు టీచరు వెళ్ళిపోయింది. కొన్ని వారాలు తాత్కాలికంగా ఎవరినో పెట్టారు. నవంబరులో ఇంకొక ఆవిడ వచ్చింది. క్రిస్మస్ సెలవుల తరువాత ఆవిడా రాలేదు. ఒకనాడు భోజనాల దగ్గర "మీ టీచరు పేరేమిటమ్మా?" అని అడిగితే, "ఏ టీచరు తాతయ్యా, ముందరి టీచరా, ఇప్పటి టీచరా?" అన్నది పిల్ల. మా అమ్మాయి "ఇక్కడ అంతే నాన్నా" అని ఊరుకున్నది. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీ నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నది. చలికోటు తొడుక్కుని రోజూ పోయి కూర్చునేవాణ్ణి. అక్కడ చదివినదీ, తిరిగి వచ్చిన తరువాత చదివినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ బడి పేరుతో మనకు పనిలేదు.

ముందు చార్టర్ స్కూలు అంటే ఏమిటో చెప్పాలి. మన ఎయిడెడ్ హైస్కూలును గుర్తు తెచ్చుకుంటే సగం అర్థమైనట్లే. డబ్బు ప్రభుత్వానిది, యాజమాన్యం వేరొకరిది, పిల్లల దగ్గర ఫీజు లేదు. కాని రెండు తేడాలున్నాయి. మొదటిది, బడి పెట్టడానికి ఇచ్చే అనుమతి శాశ్వతం కాదు. చార్టర్ అనే ఒప్పందం సాధారణంగా మూడేళ్ళకో అయిదేళ్ళకో ఉంటుంది. పిల్లల పరీక్షా ఫలితాలు చూసి పొడిగిస్తారు, లేదా బడి మూసేస్తారు. రెండవది, జిల్లా బడుల టీచర్లకు వర్తించే నిబంధనలు చాలా వరకు వీరికి వర్తించవు. చాలా చోట్ల యూనియను ఉండదు, శాశ్వత నియామకం ఉండదు. సంవత్సరం ఒప్పందం మీదనో, అదీ లేకుండానో పనిచేస్తారు. 2021 నాటి లెక్కల ప్రకారం ఇలాంటి బడులు సుమారు 7,800, వాటిలో పిల్లలు సుమారు 37 లక్షలు. 2010లో ఈ పిల్లలు 18 లక్షలే.

ఇంతగా పెరిగిన ఈ వ్యవస్థకు మూలం ఏమిటని వెదికితే నాకు ఆశ్చర్యం కలిగింది. దీనిని ప్రచారంలోకి తెచ్చిన మనిషి ఒక టీచర్ల యూనియను నాయకుడు. చార్టర్ అన్న మాటను బడులకు మొదట వాడినవాడు రే బుడ్డే అనే మసాచుసెట్స్ ఆచార్యుడు. 1970లలో ఆయన ఆ ఆలోచన చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 1983లో అక్కడి ప్రభుత్వ సంఘం ఒకటి, దేశం చదువులో వెనుకబడి ప్రమాదంలో పడిందని నివేదిక ఇచ్చిన తరువాత అందరికీ కదలిక వచ్చింది. 1988 మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్బులో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ ఒక ఉపన్యాసం చేశారు. కొందరు టీచర్లు కలిసి కొత్త పద్ధతిలో బోధిస్తామంటే వారికి ఒక చిన్న బడిని అప్పగించి, కొన్నేళ్ళు పైఅధికారుల జోక్యం లేకుండా చూడాలని ఆయన ప్రతిపాదన. ఆ తరువాత బుడ్డే వాడిన మాటనే ఆయనా తీసుకున్నారు.

షాంకర్‌గారికి ఆ ఆలోచన ఎక్కడ కలిగిందంటే, 1987లో ఆయన జర్మనీలోని కొలోన్ నగరంలో హోల్వైడే అనే బడి చూశారు. అక్కడ టీచర్లు జట్లుగా పనిచేస్తారు. అయిదో తరగతిలో ఒక జట్టుకు అప్పగించిన పిల్లలు పదో తరగతి దాకా, అంటే ఆరేళ్ళు, ఆ జట్టు చేతిలోనే ఉంటారు. ఎవరి పాఠం ఎవరు చెప్పాలి, టైంటేబుల్ ఎట్లా ఉండాలి అన్నదంతా ఆ జట్టు ఇష్టం. చదువులో వెనుకబడిన పిల్లవాణ్ణి వచ్చే ఏడాది టీచరు చూసుకుంటాడులే అనడానికి వీలులేదు, వచ్చే ఏడాది టీచరూ తామే కనుక. ఈ భాగం చదివినప్పుడు లైబ్రరీలో పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఒకే టీచర్లు ఆరేళ్ళు పిల్లల్ని వదలని బడిని చూసి పుట్టిన ఆలోచన ఇది. మా మనవరాలికి ఆరు నెలల్లో ముగ్గురు టీచర్లు.

మధ్యలో ఏమైంది? మిన్నెసోటా రాష్ట్రం 1991లో మొదటి చార్టర్ చట్టం చేసింది. 1992 సెప్టెంబరులో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ అనే మొదటి బడి మొదలైంది. చదువు మానేసిన పిల్లలకోసం టీచర్లు పెట్టిన చిన్న బడి అది. ఆ మొదటి చట్టంలో బడి పాలకవర్గంలో టీచర్లే ఎక్కువమంది ఉండాలన్న షరతు ఉండేది. షాంకర్ కోరినది ఆ మేరకు నిలిచింది. తరువాత ఒక్కొక్క రాష్ట్రమూ తన చట్టం తాను చేసుకుంటూ పోయింది. చాలా రాష్ట్రాల చట్టాలలో టీచర్ల పెత్తనం అన్నది లేదు. ప్రయోగం చేయడానికి టీచరుకు ఇవ్వాలనుకున్న స్వేచ్ఛ, టీచరును పెట్టుకోవడానికీ తీసివేయడానికీ యాజమాన్యానికి దక్కిన స్వేచ్ఛ అయింది. వ్యాపార సంస్థలు కూడా ప్రవేశించేసరికి షాంకర్ ఆ ఉద్యమానికి దూరమై, దానిని విమర్శిస్తూ వ్రాశారు. 1997లో ఆయన మరణించారు.

ఇంకొక పాయ కూడా వచ్చి కలిసింది. 1990లో వెండీ కోప్ అనే యువతి టీచ్ ఫర్ అమెరికా అనే సంస్థను ప్రారంభించింది. మంచి కాలేజీలలో డిగ్రీ పూర్తి చేసినవారిని పేదపిల్లల బడులకు రెండేళ్ళకు పంపడం దాని పద్ధతి. 1994లో హ్యూస్టన్‌లో ఆ సంస్థ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు, మైక్ ఫైన్‌బర్గ్, డేవ్ లెవిన్, కిప్ అనే బడి మొదలుపెట్టారు. ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం అయిదు దాకా బడి, కొన్ని శనివారాలు బడి, వేసవిలో కొంత బడి. రాత్రి ఇంటిదగ్గర లెక్క రాకపోతే పిల్లవాడు టీచరుకు ఫోను చేసి అడగవచ్చు. పిల్లలు బాగుపడ్డారు, అందులో సందేహం లేదు. కాని అటువంటి ఉద్యోగం ఇరవై నాలుగేళ్ళ వయసులో చేయగలరు గాని, ఇంట్లో చంటిబిడ్డ ఉన్న ముప్పై ఏళ్ళ తల్లి ఎంతకాలం చేయగలదు? ఆ నమూనా ఊరూరా వ్యాపించిన కొద్దీ వచ్చేవారూ పోయేవారూ పెరిగారు.

లెక్కలు కావాలంటే ఉన్నాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్టూట్, థామస్ స్మిత్ అనే పరిశోధకులు 2003-04 విద్యాసంవత్సరపు ప్రభుత్వ సర్వే తీసుకుని చూశారు. చార్టర్ స్కూళ్ళలో నూటికి 25 మంది టీచర్లు ఆ బడి వదిలితే, మామూలు ప్రభుత్వ బడులలో 14 మంది వదిలారు. వయసు తక్కువ కావడం, శిక్షణ సర్టిఫికెట్టు లేకపోవడం, పార్టుటైము నియామకాలు, ఇవి ఆ తేడాకు చాలా వరకు కారణమన్నారు. పని పరిస్థితులు నచ్చక వెళ్ళామన్నవారూ, యాజమాన్యమే తీసివేయగా వెళ్ళినవారూ కూడా చార్టర్ బడులలోనే ఎక్కువ. పదేళ్ళ తరువాత 2012-13 లెక్కల్లో ఈ అంతరం బాగా తగ్గిందని కూడా చెప్పాలి. అన్ని చార్టర్ స్కూళ్ళనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పెన్షను సంగతి నేను ప్రత్యేకంగా వెదికాను. వెదకక ఎలా ఉంటాను? అమెరికాలో జిల్లా బడుల టీచర్లకు రాష్ట్ర పెన్షను నిధి ఉంటుంది. సర్వీసు పెరిగిన కొద్దీ పెన్షను పెరుగుతుంది, మధ్యలో వదిలితే నష్టం. మనకు తెలిసిన సూత్రమే. చార్టర్ బడులు ఆ నిధిలో చేరాలా వద్దా అన్నది కొన్ని రాష్ట్రాలు యాజమాన్యం ఇష్టానికి వదిలేశాయి. 2011లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఇష్టానికి వదిలినా కాలిఫోర్నియాలో పదింట తొమ్మిది చార్టర్ బడులు చేరాయి. ఫ్లోరిడాలో నాలుగో వంతు కూడా చేరలేదు. చేరని చోట టీచరు పేర కొంత, యాజమాన్యం తరఫున కొంత మార్కెట్టులో పెట్టే ఖాతా తెరుస్తారు. ఆ ఖాతాను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తీసుకుపోవచ్చు కనుక టీచరు పోతాడు కూడా. 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో చేరినవారిని సి.పి.ఎస్.లోకి మార్చినప్పుడు మనం ఎన్ని ధర్నాలు చేశామో సభ్యులకు గుర్తుండే ఉంటుంది. మన వాళ్ళు పోరాడుతూ కూడా ఉద్యోగాలు వదలలేదంటే, బయట ఇంతకన్న మంచి కొలువు లేకపోవడమే కారణం. అక్కడ వీధి దాటితే జిల్లా బడి ఉన్నది.

నవంబరులో తల్లిదండ్రుల సమావేశానికి అమ్మాయితో నేనూ వెళ్ళాను. పక్క సెక్షను టీచరు, పాతికేళ్ళ పిల్ల, ఓపికగా మాట్లాడింది. నేను కూడా హెడ్మాస్టరుగా చేశానని చెబితే సంతోషించింది. ఉండబట్టలేక "మీకు పెన్షను ఉన్నదా?" అని అడిగాను. మా అమ్మాయి తలవంచుకుంది. ఆ పిల్ల మాత్రం నవ్వి, లేదనీ, పొద్దున్న ఏడింటికి వస్తే సాయంత్రం అయిదున్నర దాకా ఇక్కడే ఉంటాననీ, జిల్లా బడికి దరఖాస్తు పెట్టాననీ చెప్పింది. పిల్లలంటే ఇష్టం లేక కాదని మరీ మరీ అన్నది. ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. 1969లో నేను మొదట చేరినది ఒక ఎయిడెడ్ హైస్కూలు. ఏప్రిల్ చివర మమ్మల్ని కొందరిని తొలగించినట్లు కాగితం ఇచ్చి, జూన్‌లో బడి తెరిచాక మళ్ళీ కొత్తగా వేసుకునేవారు. సెలవుల జీతం మిగుల్చుకోవడం మేనేజరుగారి ఉద్దేశ్యం. ఆ మూడేళ్ళూ నేను పాఠం చెప్పాను, దానితోపాటు ప్రతి ఆదివారం పేపరులో ఖాళీల ప్రకటనలూ చూశాను. జిల్లా పరిషత్తులో ఉద్యోగం వచ్చిన మర్నాడే వదిలేశాను. నేను వదిలేసినది పదో తరగతి పరీక్షలకు మూడు నెలల ముందు. ఆ పిల్లలకు ఆ ఏడాది లెక్కలు ఎవరు చెప్పారో నేను ఎన్నడూ వాకబు చేయలేదు.

ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 1982లో వచ్చింది. ప్రైవేటు బడి టీచరును విచారణ లేకుండా తీసివేయకూడదని అందులో 79వ సెక్షను పెట్టారు. ఆ సెక్షను వెనుక ఎంతమంది ఇలాంటి వేసవులు గడిపారో మనకు తెలుసు. అదే దశాబ్దంలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను వేసుకున్నదీ మన ప్రభుత్వమే. మా బడిలోనూ ఉండేవారు. పాపం, సగం మనసు ఎప్పుడూ డి.ఎస్.సి. నోటిఫికేషను మీదనే.

అసలు కథ న్యూ ఆర్లియన్స్ నగరానిది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకు ఆ నగరం మునిగింది. బడులు మునిగాయి. నవంబరులో లూసియానా రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి, నూరుకు పైగా బడులను నగరపు స్కూలు బోర్డు నుంచి తీసుకుని తన అధీనంలోని వేరే సంస్థకు అప్పగించింది. బోర్డు చేతిలో బడులు లేవు, డబ్బులేదు. ఏడువేలకు పైగా ఉద్యోగులను, అందులో నాలుగువేలకు పైగా టీచర్లను, మొదట జీతం లేని సెలవులో పెట్టి తరువాత తొలగించారు. వరదలో పోయిన ఇళ్ళ చిరునామాలకు కూడా నోటీసులు వెళ్ళాయి. ఇరవై, ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవారు ఎందరో అందులో ఉన్నారు. తొలగింపు అన్యాయమని వారు కోర్టుకు పోయారు. 2012లో కింది కోర్టులో గెలిచారు, 2014 జనవరిలో అప్పీలులోనూ గెలిచారు. 2014 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయారు. 2015లో దేశపు సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. సర్వీసు కేసులతో ట్రైబ్యునళ్ళ చుట్టూ తిరిగినవారికి ఈ తొమ్మిది, పదేళ్ళ రుచి వేరే చెప్పనక్కరలేదు.

బడులు చార్టర్ యాజమాన్యాల కింద ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2007 నాటికి తీసివేసిన టీచర్లలో ఆ నగరపు బడులకు తిరిగి వచ్చినది మూడో వంతుకు కొంచెం పైగా మాత్రమే. వారి స్థానంలో దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చారు. కత్రినాకు ముందు ఆ నగరంలో నూటికి 71 మంది టీచర్లు నల్లజాతివారు. 2014 నాటికి ఆ సంఖ్య యాభైలోపుకు దిగింది. అక్కడి పిల్లల్లో అత్యధికులు నల్లజాతి పిల్లలే. ఆ 2014లోనే రాష్ట్రపు సంస్థ నేరుగా నడిపే ఆఖరి బడులు కూడా మూతపడి, ఆ సంస్థ చేతిలోని బడులన్నీ చార్టర్లే అయ్యాయి.

ఇక్కడ నిజం ఒకటి దాచకూడదు. టులేన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, ఆ సంవత్సరాలలో పిల్లల పరీక్షా ఫలితాలు బాగా పెరిగాయి, హైస్కూలు పూర్తిచేసేవారూ కాలేజీకి పోయేవారూ పెరిగారు. పాత బోర్డు అవినీతికి పేరుపడినదే. మనలో మనమాట, పర్మనెంటు అయిన మర్నాటి నుంచి పాఠం చెప్పడం మానేసిన సహోద్యోగులను మనమూ చూశాము. నేను హెడ్మాస్టరుగా ఉండగా అటువంటి ఒకరికి మెమో ఇవ్వడానికి జంకాను కూడా. కనుక టీచరు నిలిచి ఉంటే చాలు, చదువు దానంతట అదే వస్తుందని నేను అనబోవడం లేదు. బదిలీల కౌన్సెలింగు జరిగిన జూన్‌లో మన జిల్లా పరిషత్తు బడులలోనూ సగం ముఖాలు కొత్తవే ఉండేవి.

అయితే పోయే టీచరు వెంట ఏమి పోతుందో కూడా కొలిచి చూసినవారున్నారు. మాథ్యూ రాన్‌ఫెల్ట్, సుసానా లోబ్, జిమ్ వైకాఫ్ అనే ముగ్గురు 2013లో ప్రచురించిన పరిశోధన అది. న్యూయార్కు నగరంలో నాలుగు, అయిదు తరగతుల పిల్లల మార్కులు ఎనిమిదేళ్ళవి, సుమారు ఎనిమిదిన్నర లక్షల రికార్డులు తీసుకున్నారు. టీచర్లు ఎక్కువగా మారిన తరగతులలో ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ మార్కులు తగ్గాయి. తన టీచరు మారని పిల్లవాడికి కూడా, పక్క సెక్షన్ల టీచర్లు మారితే కొంత దెబ్బ తగిలింది. మిగిలిన టీచరు కొత్తవారికి పని నేర్పడంలో మునిగిపోతుందని ఊహించవచ్చు. ఇది మార్కుల లెక్క. ఈ పిల్ల ఎందుకు మాట్లాడడం లేదు, ఈ పిల్లవాడి కళ్ళు బోర్డు దాకా ఆనడం లేదేమో అని గమనించడానికి టీచరుకు ఒక టర్ము పడుతుంది. మా మనవరాలికి ఆ టర్ము మూడుసార్లు మొదలై ఒక్కసారీ పూర్తికాలేదు.

తల్లిదండ్రుల చేతిలో ఏమున్నదని మా అమ్మాయి అడిగింది. కొంచెం ఉన్నది. అమెరికాలో 2015లో చేసిన విద్యా చట్టం ప్రకారం, పేదపిల్లలకోసం కేంద్రం ఇచ్చే టైటిల్ వన్ నిధులు అందుకునే బడులలో, చార్టర్ బడులైనా సరే, టీచరు అర్హతలేమిటని తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవచ్చు. రాష్ట్రం నిర్ణయించిన అర్హత లేని మనిషి వరుసగా నాలుగు వారాలు పాఠం చెబితే, బడివారే ఇంటికి తెలియజేయాలి. మా అమ్మాయికి ఈ సంగతి తెలియదు. ఇంకొక ప్రశ్న ఏ చట్టమూ అవసరం లేకుండా అడగదగినది. పోయిన ఏడాది ఇక్కడ పాఠం చెప్పినవారిలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు? బడి గోడల మీద ఫలితాల పట్టీ ఉంటుంది గాని ఈ అంకె ఉండదు. లాటరీకి దరఖాస్తు పెట్టే ముందు అడగాలి. మన పిల్లలు ఇంటి ధర చూస్తారు, బడికి ఇచ్చిన రేటింగు చూస్తారు. ఇది అడిగినవారిని నేను చూడలేదు.

మేము 2019 జనవరి చివర తిరిగి వచ్చేశాము. ఏప్రిల్‌లో మా అమ్మాయి ఆ ప్రశ్నను ఈ-మెయిలు చేసింది. ప్రిన్సిపాలు మర్యాదగా, వారం రోజుల తరువాత, జవాబు ఇచ్చాడు. మొత్తం 24 మంది టీచర్లలో అంతకు ముందు ఏడాదివారు 13 మంది. నాలుగో తరగతికి వచ్చేది మాత్రం ఆ బడిలో ఆరేళ్ళుగా ఉన్న ఆవిడ. అది చూసి పిల్లను ఇంకొక సంవత్సరం అక్కడే ఉంచారు. ఆ సంవత్సరం మార్చిలో కోవిడ్‌కు బడులన్నీ మూతపడ్డాయి. అప్పుడు ఆవిడ రోజూ ఒక్కొక్క ఇంటికి ఫోను చేసి, ఒక్కొక్క పిల్లతో పది నిమిషాలు మాట్లాడేదట. అయిదో తరగతికి వాళ్ళు ఇల్లు మారి జిల్లా బడిలో వేశారు. సమావేశంలో నేను పెన్షను సంగతి అడిగిన ఆ పాతికేళ్ళ పిల్ల అక్కడ మూడో తరగతి చెబుతున్నదని మా అమ్మాయి ఫోనులో చెప్పింది.